బ్రౌజర్ ఎవరి మాట మీద నమ్ముతోంది?

కొత్త సైట్‌లో కార్డు నంబర్ కొట్టాల్సి వచ్చినప్పుడల్లా మావాళ్లు నన్ను అడిగే మాట ఒకటే. "హెచ్‌టీటీపీఎస్ ఉంది, తాళం బొమ్మ కూడా ఉంది, ఇంక పర్లేదు కదా?" దీనికి నేను అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఎందుకంటే ఆ ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. నేను మాట్లాడుతున్నది అడ్రస్ బార్‌లో కనిపిస్తున్న ఆ సైట్‌తోనేనా, మధ్యలో ఎవరైనా వింటున్నారా అన్నది మొదటిది. అవతల ఉన్నవాళ్లు నమ్మదగ్గవాళ్లేనా అన్నది రెండోది. డిజిటల్ సర్టిఫికెట్ మొదటిదానికి చాలా గట్టి జవాబు చెప్తుంది. రెండోదాని జోలికి అస్సలు పోదు. పోతుందనుకుని చాలామంది మోసపోతున్నారు, అందుకే కాస్త పొడుగైనా సరే మొదట్నుంచీ చెప్తాను.

మనం ఏదైనా టైప్ చేసి ఎంటర్ నొక్కితే అది నేరుగా ఆ సైట్ సర్వర్‌కి వెళ్లిపోదు. వైఫై రౌటర్, నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీ, దానికి పైన ఇంకో కంపెనీ, ఇలా బోలెడన్ని చేతులు మారుతుంది. ఎన్‌క్రిప్షన్, అంటే ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చి పంపడం, లేకపోతే ఆ దారిలో ఉన్న ఎవరైనా దాన్ని చదవగలరు, చదవడమే కాదు, మార్చి పంపగలరు కూడా. 2010లో ఫైర్‌షీప్ అని ఒక ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీ వరకే ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాత అంతా ఓపెన్‌గా నడిపేవి. పాస్‌వర్డ్ లేని వైఫైలో కూర్చుని ఈ ఎక్స్‌టెన్షన్ ఆన్ చేస్తే, అదే వైఫైలో ఉన్న మిగతావాళ్ల ఫేస్‌బుక్, ట్విట్టర్ అకౌంట్లు పక్కన లిస్టులా కనిపించేవి, పేరు మీద నొక్కితే వాళ్ల అకౌంట్‌లోకి వెళ్లిపోవచ్చు. పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు, హ్యాకింగ్ రానక్కర్లేదు. ఆ ఎక్స్‌టెన్షన్ రాసినతను దాన్ని జనం ముందు పెట్టిందే సైట్ల మీద ఒత్తిడి తేవడానికి, ఆ తర్వాత కొన్నేళ్లలో పెద్ద సైట్లన్నీ మొత్తంగా హెచ్‌టీటీపీఎస్‌కి మారిపోయాయి.

సరే, అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసేస్తే గొడవ తీరిపోతుంది కదా అంటే, తీరదు. చాలా వివరణలు ఇక్కడే తొందరపడి ముందుకెళ్లిపోతాయి, నాకు మాత్రం అసలు విషయమంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ఒక అద్భుతం చేసి చూపించారు. అంతకుముందు ఎప్పుడూ కలవని ఇద్దరు, అందరూ వింటున్న లైన్ మీదే మాట్లాడుకుని, వినేవాళ్లెవరికీ తెలియని ఒక రహస్య కీ, అంటే మాటల్ని కట్టడానికీ విప్పడానికీ వాడే ఒక పెద్ద అంకె, తయారుచేసుకోవచ్చు అని. ఇవాళ్టికీ మన బ్రౌజర్లు చేసే పని మూలంలో అదే. కానీ ఆ లెక్క ఎంత గొప్పదైనా, అవతల కూర్చున్నది ఎవరో చెప్పదు. నేను బ్యాంకుతో కీ కలుపుకుంటున్నాననుకుని, మధ్యలో ఉన్న దొంగతో కలుపుకోవచ్చు. వాడు అటు బ్యాంకుతో ఇంకో కీ కలుపుకుంటాడు. నేను పంపింది విప్పి చదువుకుని, మళ్లీ కట్టి బ్యాంకుకి పంపిస్తాడు. నా వైపు నుంచి చూస్తే అంతా ఎన్‌క్రిప్టెడే, బ్యాంకు వైపు నుంచి చూసినా ఎన్‌క్రిప్టెడే, మధ్యలో వాడు హాయిగా అంతా చదువుతున్నాడు. ఎవరితో అన్నది తేలకుండా ఎంత రహస్యంగా మాట్లాడినా ఉపయోగం లేదు.

మరి ఎవరన్నది ఎలా తేలుతుంది? డిఫీ, హెల్‌మన్‌ల ఆలోచనలో ప్రతివాళ్లకీ ఒక జత కీలు ఉంటాయి, అందరికీ చూపించేది పబ్లిక్ కీ, తన దగ్గరే దాచుకునేది ప్రైవేట్ కీ. అందరి పబ్లిక్ కీలూ రాసి ఉన్న ఒక పెద్ద డైరెక్టరీ లాంటిది ఉండేది, కావాల్సినప్పుడు అక్కడ చూసుకోవడమే. 1978లో ఎంఐటీలో డిగ్రీ చదువుతున్న లోరెన్ కోన్‌ఫెల్డర్ తన థీసిస్‌లో ఒక మాట అన్నాడు. ప్రతిసారీ డైరెక్టరీ దగ్గరికి పరిగెత్తడం ఎందుకు, దాన్ని నడిపేవాళ్లే "ఈ పేరుకి ఈ కీ" అని ఒక చిన్న రికార్డు రాసి, దాని మీద తమ డిజిటల్ సంతకం పెట్టి ఇచ్చేస్తే, ఎవరికి వాళ్లు దాన్ని వెంట పెట్టుకుని తిరగొచ్చు కదా అని. ఆ రికార్డుకి అతను పెట్టిన పేరే సర్టిఫికెట్. ఒక డిగ్రీ విద్యార్థి థీసిస్‌లో పుట్టిన ఆలోచన మీద ఇవాళ ప్రపంచంలోని ఆన్‌లైన్ లావాదేవీలన్నీ నడుస్తున్నాయి, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. తర్వాత 1988లో ఆ రికార్డు ఎలా ఉండాలో చెప్పే ఎక్స్.509 అనే ప్రమాణం వచ్చింది, 1995లో నెట్‌స్కేప్ కంపెనీ, బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య మాటల్ని ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌ఎస్‌ఎల్ అనే పద్ధతితో దాన్ని బ్రౌజర్‌లోకి తెచ్చింది. మనం ఇప్పుడు వాడే టీఎల్‌ఎస్ దాని వారసత్వమే, తాజా వెర్షన్ 1.3, 2018లో వచ్చింది.

మాటలతో చెప్పడం కంటే ఒకటి తెరిచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కంప్యూటర్‌లో ఏ సైటైనా ఓపెన్ చేసి, అడ్రస్‌కి ఎడమ పక్కన ఉన్న చిన్న గుర్తు మీద నొక్కండి, కనెక్షన్ సురక్షితం అని చెప్పే చోట సర్టిఫికెట్ చూపించమనే ఆప్షన్ ఉంటుంది. అందులో ముందుగా సైట్ పేర్ల జాబితా చూడండి, ఈ సర్టిఫికెట్ ఏయే డొమైన్లకి చెల్లుతుందో అక్కడ ఉంటుంది. బ్రౌజర్ అడ్రస్ బార్‌లో ఉన్న పేరుని అక్షరం అక్షరం ఈ జాబితాతో పోల్చి చూస్తుంది. తర్వాత ఎవరు జారీ చేశారు, ఎప్పట్నుంచి ఎప్పటి దాకా చెల్లుతుంది, సీరియల్ నంబర్. ఆ కింద అర్థంకాని అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక గుంపు ఉంటుంది, అదే ఆ సైట్ పబ్లిక్ కీ. చివర్లో ఇంకో గుంపు, జారీ చేసినవాళ్ల సంతకం. గమనించారో లేదో, ఈ కంపెనీ మంచిదా, వస్తువు టైమ్‌కి పంపుతుందా, డబ్బు వెనక్కి ఇస్తుందా లాంటి సంగతి ఒక్కటి కూడా అందులో లేదు. పేరు, కీ, గడువు, సంతకం. అంతే.

సంతకం అన్నాను కదా, అదేంటో కూడా చెప్పాలి. సర్టిఫికెట్‌లోని వివరాలన్నిటినీ ఒక హ్యాష్ ఫార్ములాలో వేస్తే ఒక పొట్టి కోడ్ వస్తుంది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ కోడ్ పూర్తిగా మారిపోతుంది. జారీ చేసే సంస్థ ఆ కోడ్ మీద తన ప్రైవేట్ కీతో లెక్క కడుతుంది, వచ్చిందే సంతకం. ఆ సంస్థ పబ్లిక్ కీ ఉన్న ఎవరైనా అది నిజమైనదా కాదా సరిచూడగలరు, కానీ ప్రైవేట్ కీ లేకుండా ఎవరూ కొత్తగా పుట్టించలేరు. ఇదంతా ఆ హ్యాష్ ఫార్ములా ఎంత గట్టిదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 2008 డిసెంబర్‌లో కొందరు పరిశోధకులు దాదాపు 200 ప్లేస్టేషన్ 3 గేమ్ మెషీన్లని కలిపి, అప్పటికే బలహీనమని తెలిసిన ఎండీ5 అనే హ్యాష్‌లోని లోపంతో, ఏ సైట్‌కైనా సర్టిఫికెట్ ఇవ్వగల ఒక దొంగ సంస్థనే సృష్టించి చూపించారు. ఎవరికీ హాని చేయడానికి కాదు, ఇంకా ఎండీ5 వాడుతున్నవాళ్లని లేపడానికి. ఇప్పుడు వాడుకలో ఉన్నది షా-256.

చాలామందికి వచ్చే అనుమానం ఒకటుంది, సర్టిఫికెట్ అందరికీ కనిపించేదే అయితే దొంగ దాన్ని కాపీ చేసి తన సర్వర్‌లో పెట్టుకోవచ్చు కదా అని. పెట్టుకోవచ్చు, కానీ దానివల్ల వాడికి ఒరిగేదేం లేదు. మన బ్రౌజర్ సర్టిఫికెట్ చూసి ఊరుకోదు. కనెక్షన్ మొదలైనప్పుడు రెండు వైపులా కొత్తగా పుట్టించిన అంకెలు ఇచ్చిపుచ్చుకుంటారు. అప్పటిదాకా జరిగిన ఆ సంభాషణ మొత్తం మీద సర్వర్ తన ప్రైవేట్ కీతో సంతకం చేసి చూపించాలి. సర్టిఫికెట్‌లో ఉన్న పబ్లిక్ కీతో ఆ సంతకం సరిపోవాలి. ప్రైవేట్ కీ అసలు సర్వర్ దాటి బయటికి రాదు కాబట్టి దొంగ ఇక్కడ ఆగిపోతాడు. పాత సంభాషణలోని సంతకాన్ని దాచిపెట్టుకుని మళ్లీ చూపిద్దామన్నా కుదరదు, ప్రతిసారీ అంకెలు కొత్తవి. ఇదంతా పేజీ కనిపించేలోపు, కన్ను మూసి తెరిచేంతలో అయిపోతుంది.

ఇక జారీ చేసిన సంస్థని ఎందుకు నమ్మాలి? దాని సర్టిఫికెట్ మీద ఇంకో పై సంస్థ సంతకం ఉంటుంది, అలా పైకి పోతే చివర ఒక రూట్ సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద దాని సంతకమే. తన గురించి తానే చెప్పుకునే మాటకి విలువేముంది అంటే, నిజమే, విలువ లేదు. రూట్‌ని నమ్మేది దాని సంతకం చూసి కాదు, అది మన దగ్గర ముందే ఉంది కాబట్టి. మొజిల్లా, యాపిల్, మైక్రోసాఫ్ట్, గూగుల్, ఈ నాలుగూ ఎవరి జాబితా వాళ్లు పెట్టుకున్నారు, ఒక్కో జాబితాలో వందకు పైగా రూట్ సర్టిఫికెట్లు ఉంటాయి, అవి మన ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో బ్రౌజర్‌లోనో ముందే వచ్చేస్తాయి. అంటే మీరూ నేనూ ఎప్పుడూ పేరు కూడా వినని డజన్ల కొద్దీ సంస్థలని, మన తరఫున ఈ నలుగురు నమ్మేశారు. ఆ సంస్థల్లో ఏ ఒక్కటైనా, ఏ సైట్ పేరు మీదైనా సర్టిఫికెట్ ఇవ్వగలదు. కొన్నిటికి హద్దులు పెట్టినా, మామూలుగా ఇదే పద్ధతి. అందుకే రూట్ ప్రైవేట్ కీలని నెట్‌కి తగలని ప్రత్యేక పరికరాల్లో పెట్టి, సాక్షుల ముందు, రికార్డింగ్ చేస్తూ మాత్రమే బయటికి తీస్తారు. రోజువారీ సంతకాలన్నీ కింది స్థాయి, అంటే ఇంటర్మీడియట్ కీలతోనే నడుస్తాయి.

ఈ ఏర్పాటు ఎంత పెళుసుగా ఉండేదో 2011లో తెలిసొచ్చింది. నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే చిన్న కంపెనీ సర్టిఫికెట్లు జారీ చేసేది, ఆ దేశ ప్రభుత్వ సైట్లు కూడా దాని మీద ఆధారపడేవి. ఆ ఏడాది జూన్‌లో హ్యాకర్లు దాని నెట్‌వర్క్‌లోకి దూరారు. జూలైలో గూగుల్ డొమైన్లన్నిటికీ చెల్లే ఒక సర్టిఫికెట్‌తో సహా 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించుకున్నారు. అదే నెలలో కంపెనీకి సంగతి తెలిసింది. తెలిసి ఏం చేసిందంటే, తన కంటపడ్డ దొంగ సర్టిఫికెట్లని రద్దు చేసేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. గూగుల్ పేరు మీద ఉన్నది దాని కంటపడలేదు. ఆగస్టు చివర్లో ఇరాన్ నుంచి ఒకతను, జీమెయిల్ తెరుస్తుంటే క్రోమ్ సర్టిఫికెట్ హెచ్చరిక చూపిస్తోంది అని నెట్‌లో అడిగాడు. క్రోమ్ ఒక్కటే ఎందుకు పట్టుకుందంటే, గూగుల్ సైట్లకి ఏ సంస్థల సంతకం ఉండాలో అప్పటికి కొద్ది ముందే దాని కోడ్‌లోనే రాసిపెట్టారు. మిగతా బ్రౌజర్లకి ఆ దొంగ సర్టిఫికెట్ అన్ని విధాలా సరైనదే, సంతకం నిజమైనదే, గడువు ఉంది, పేరు సరిపోయింది. తర్వాత దర్యాప్తు చేసిన ఫాక్స్-ఐటీ సంస్థ తేల్చింది ఏంటంటే, దాదాపు 3 లక్షల ఐపీ అడ్రస్‌ల నుంచి ఆ దొంగ సర్టిఫికెట్ తగిలింది, అందులో 99 శాతం ఇరాన్‌వే. అంటే అన్ని వేల మంది తమ మెయిల్ తాము సురక్షితంగానే చదువుకుంటున్నామనుకుంటూ ఉండగా మధ్యలో ఎవరో చదివే వీలు దొరికింది. ఆ దేశంలో మెయిల్‌లో రాసిన ఒక మాటకి జైలుకి పోయే ప్రమాదం ఉన్నవాళ్లు కూడా వాళ్లలో ఉండే ఉంటారు కదా. సర్టిఫికెట్లంటే ఏదో టెక్నికల్ గోల అనుకునేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

బ్రౌజర్లన్నీ డిజినోటార్‌ని తమ జాబితాల్లోంచి తీసేశాయి. డచ్ మంత్రి అర్ధరాత్రి దాటాక ప్రెస్ మీట్ పెట్టి ప్రభుత్వ సైట్ల భద్రతకి హామీ ఇవ్వలేమని చెప్పాల్సి వచ్చింది. సెప్టెంబర్‌లోనే కంపెనీ దివాలా తీసింది. హ్యాకింగ్ జరగడం కంటే, జరిగిందని తెలిసి దాచిపెట్టడమే నా దృష్టిలో పెద్ద నేరం. నమ్మకం అమ్ముకుని బతికే సంస్థ ఆ నెలన్నర నోరు విప్పి ఉంటే కథ వేరేలా ఉండేది.

డిజినోటార్ ఒక్కటే అనుకోకండి. 2014 జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ దగ్గర్నుంచి కూడా కొన్ని గూగుల్ డొమైన్ల పేరు మీద అనుమతి లేని సర్టిఫికెట్లు బయటపడ్డాయి, దాని సర్టిఫికెట్లని రద్దు చేయాల్సి వచ్చింది. ఇక సిమాంటెక్ అయితే ఈ వ్యాపారంలో అతిపెద్ద సంస్థల్లో ఒకటి. సరైన తనిఖీ లేకుండా సర్టిఫికెట్లు ఇస్తోందని తేలడంతో గూగుల్ 2017లో దాన్ని దశలవారీగా తప్పిస్తామని ప్రకటించి, 2018 అక్టోబర్‌లో వచ్చిన క్రోమ్ 70తో పూర్తిగా తీసేసింది. పెద్ద కంపెనీ కదా అని చూసీచూడనట్టు వదిలేయలేదు, ఆ విషయంలో నాకు చాలా తృప్తి.

వీటన్నిటి నుంచి పుట్టిన మంచి పని సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ. ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. ఎవరు ఎవరికి సర్టిఫికెట్ ఇచ్చినా దాన్ని బహిరంగంగా ఉండే లాగ్‌లో రాయాలి, ఆ లాగ్‌లో కొత్తవి చేర్చడమే తప్ప పాతవి చెరపడం, మార్చడం దొరక్కుండా చేయలేరు. రాసినట్టు రుజువు సర్టిఫికెట్‌తో పాటు లేకపోతే బ్రౌజర్ ఒప్పుకోదు. 2013లో దీని మొదటి ప్రమాణం వచ్చింది, 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌కీ ఇది ఉండాల్సిందేనని క్రోమ్ పట్టుబట్టింది. దీంతో దొంగ సర్టిఫికెట్ పుట్టించడం అసాధ్యం అయిపోలేదు, కానీ పుట్టించి దాచిపెట్టడం చాలా కష్టమైపోయింది. మీకు సొంత డొమైన్ ఉంటే ఈ లాగ్‌లని వెతికే సైట్లు ఉన్నాయి, సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్ అలాంటిదే, అందులో మీ డొమైన్ పేరు కొట్టి చూడండి. ఇప్పటిదాకా దాని పేరు మీద ఎవరెవరు ఏమేం జారీ చేశారో వరసగా వచ్చేస్తుంది. మీరు అడగనిది ఏదైనా కనిపిస్తే వెంటనే కదలాలి. అన్నట్టు ఒక జాగ్రత్త కూడా, ఇంకా ఎవరికీ చెప్పని ప్రాజెక్టు పేరుని సబ్‌డొమైన్‌గా, అంటే మీ డొమైన్ ముందు తగిలించే పేరుగా, పెట్టి సర్టిఫికెట్ తీసుకుంటే ఆ పేరు లోకమంతటికీ తెలిసిపోయినట్టే. డొమైన్ పేర్ల వివరాలు రాసి ఉండే డీఎన్‌ఎస్ అనే చిట్టాలో సీఏఏ అనే రికార్డు పెట్టి, నా డొమైన్‌కి ఫలానా సంస్థ తప్ప ఇంకెవరూ సర్టిఫికెట్ ఇవ్వకూడదు అని రాసుకునే వీలు కూడా ఉంది. 2017 నుంచి జారీ చేసేవాళ్లంతా దాన్ని తప్పనిసరిగా చూడాలి. పని చాలా చిన్నది, చేసేవాళ్లే తక్కువ.

ఇప్పుడు మళ్లీ ఆ రెండో ప్రశ్నకి వస్తాను, మోసాలు జరిగేది అక్కడే కాబట్టి. సర్టిఫికెట్ ఇచ్చే ముందు సంస్థ ఏం తనిఖీ చేస్తుంది? చాలా సర్టిఫికెట్ల విషయంలో చూసేది ఒక్కటే, అడిగినవాడి చేతిలో ఆ డొమైన్ ఉందా లేదా. ఫలానా ఫైల్ నీ సైట్‌లో పెట్టు, లేదా ఫలానా రికార్డు డీఎన్‌ఎస్‌లో పెట్టు అంటుంది, పెడితే ఇచ్చేస్తుంది. మనిషి ప్రమేయమే లేకుండా నిమిషాల్లో అయిపోతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 నుంచి ఇదంతా ఉచితంగా ఇస్తోంది. ఎవరికైనా ఇంటర్నెట్‌లో మేలు చేసినవాళ్ల పేర్లు చెప్పమంటే నేను మొదట చెప్పే పేర్లలో ఇదొకటి. అంతకుముందు సర్టిఫికెట్ అంటే డబ్బు పెట్టి కొనాలి, ఏడాదికోసారి చేత్తో మార్చుకోవాలి, దాంతో చిన్న సైట్లు అసలు పెట్టుకునేవే కాదు. 2020 ఫిబ్రవరికల్లా ఈ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్లు 100 కోట్లు దాటాయి.

దొంగ కూడా డొమైన్ కొంటాడు, వాడి చేతిలోనూ ఆ డొమైన్ ఉంటుంది, కాబట్టి వాడికీ సర్టిఫికెట్ వస్తుంది. ఇందులో తప్పేం లేదు, సర్టిఫికెట్ తన పని తాను సరిగ్గానే చేసింది. రెండు పక్కలా గోడ కట్టి పైన కప్పేసిన దారి అనుకోండి, దారిలో మిమ్మల్ని ఎవరూ దోచుకోలేరు, కానీ ఆ దారి నేరుగా దొంగ ఇంటికే పోతుంటే గోడలేం చేస్తాయి? జనం తాళం బొమ్మని మంచి సైట్ అన్న గుర్తుగా తీసుకుంటున్నారనే 2023 సెప్టెంబర్‌లో వచ్చిన క్రోమ్ 117లో ఆ బొమ్మ తీసేసి సెట్టింగ్స్ గుర్తు లాంటిది పెట్టారు. అది సరైన నిర్ణయమే అంటాను. అంతకుముందు 2019లో కంపెనీ వివరాలు కూడా తనిఖీ చేసి ఇచ్చే ఈవీ సర్టిఫికెట్లకి కంపెనీ పేరు ఆకుపచ్చగా చూపించే ప్రత్యేక గుర్తుని కూడా క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లోంచి తీసేశాయి. ఆ ఆకుపచ్చ పేరు ఉందా లేదా అని ఎవరూ చూసేవాళ్లు కాదు. పైగా అదే పేరుతో ఇంకోచోట కంపెనీ రిజిస్టర్ చేసి అలాంటి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చని ఒక పరిశోధకుడు నిరూపించి చూపించాడు కూడా.

కాబట్టి చూడాల్సింది పేరు. పేరుని కుడి నుంచి ఎడమకి చదవడం అలవాటు చేసుకోండి. మొదట్లో ఉండే https:// వదిలేస్తే, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) ముందు ఆఖరున ఉన్న భాగమే అసలు యజమాని. ఎగ్జాంపుల్ డాట్ కామ్ డాట్ లాగిన్ డాట్ ఇంకేదో డాట్ నెట్ అని ఉంటే, అది ఎగ్జాంపుల్ వాళ్లది కానే కాదు, ఆ ఇంకేదో డాట్ నెట్ వాళ్లది, ముందు ఎన్ని తెలిసిన పేర్లు తగిలించినా సరే. ఫోన్‌లో అడ్రస్ సగమే కనిపిస్తుంది కాబట్టి దొంగలకి ఇది బాగా కలిసొస్తుంది. 2017లో ఒకతను అక్షరాలన్నీ రష్యన్ లాంటి భాషలు రాసే సిరిలిక్ లిపిలోవే వాడి, చూడ్డానికి అచ్చం యాపిల్ డాట్ కామ్ లాగే ఉండే డొమైన్ రిజిస్టర్ చేశాడు. సర్టిఫికెట్ కూడా నిఖార్సుగా వచ్చింది. అప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో కంటితో తేడా కనిపెట్టడం దాదాపు అసాధ్యం. ఇలాంటి చోట కంటి కంటే, పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ మేలు. అది అక్షరాల రూపం చూడదు, డొమైన్ చూస్తుంది. ఎప్పుడూ పాస్‌వర్డ్ నింపేది ఇవాళ నింపలేదంటే, మీరు చేత్తో కొట్టేయకండి, ఎందుకు నింపలేదో ముందు చూడండి.

గడువు సంగతి కూడా కొంచెం చెప్పాలి. సర్టిఫికెట్‌కి గడువు ఎందుకంటే, ప్రైవేట్ కీ ఎప్పుడైనా దొంగ చేతికి చిక్కొచ్చు, డొమైన్ చేతులు మారొచ్చు, చిక్కాక రద్దు చేసే పద్ధతులు ఉన్నా అవి ఎప్పుడూ సరిగ్గా పనిచేయలేదు. రద్దయిందా అని అడిగే సర్వర్ జవాబివ్వకపోతే చాలా బ్రౌజర్లు సరేలే అని ముందుకెళ్లిపోయేవి, దారి మధ్యలో కూర్చున్న దొంగకి ఆ జవాబు రాకుండా ఆపడం ఎంతసేపు పని? అందుకే గడువే తగ్గించుకుంటూ వస్తున్నారు. 2020 నుంచి గరిష్ఠంగా 398 రోజులు ఉండేది. బ్రౌజర్లూ జారీ సంస్థలూ కలిసిన సీఏ బ్రౌజర్ ఫోరమ్ 2025 ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయం ప్రకారం 2026 మార్చి నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47 రోజులే. ఇంక చేత్తో మార్చడం కుదరని పని, ఆటోమేటిక్‌గా రెన్యువల్ పెట్టుకోవాల్సిందే. సర్వర్లు చూసుకునేవాళ్లు దీని మీద విసుక్కుంటున్నారు గానీ, విసుక్కున్నంత సేపట్లో ఆటోమేషన్ పెట్టేసుకోవచ్చు. మర్చిపోతే ఏమవుతుందో చాలాసార్లు చూశాం. 2018 డిసెంబర్‌లో, మొబైల్ నెట్‌వర్క్ పరికరాలు అమ్మే ఎరిక్సన్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో బ్రిటన్‌లో ఓ2 నెట్‌వర్క్ మీదున్న కోట్ల మందికి మొబైల్ డేటా ఆగిపోయింది. జనం అప్పుల చరిత్ర వివరాలు దాచే అమెరికన్ కంపెనీ ఈక్విఫాక్స్‌లో అయితే ఇంకా ఘోరం, నెట్‌వర్క్‌లో అనుమానాస్పద ట్రాఫిక్‌ని పట్టుకోవాల్సిన పరికరంలో సర్టిఫికెట్ గడువు తీరిపోయి నెలల తరబడి అలాగే ఉంది. ఎన్‌క్రిప్టెడ్ ట్రాఫిక్‌ని అది చూడలేకపోయింది. 2017లో దాన్ని మార్చగానే హ్యాకర్లు లోపల ఉన్నట్టు కనిపించింది, అప్పటికే కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి.

మరి బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తే మనమేం చేయాలి? ముందు మీ ఫోన్‌లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో చూడండి, తేదీ తప్పుంటే అన్ని సైట్లూ గడువు తీరినట్టే కనిపిస్తాయి. కొత్త వైఫైకి తగిలి ఉంటే దాని లాగిన్ పేజీ అడ్డం వస్తుండొచ్చు, మొబైల్ డేటాకి మారి చూడండి. అప్పటికీ అదే వస్తుంటే, అది బ్యాంకో మెయిలో డబ్బు కట్టే పేజీయో అయితే, ఆగిపోండి. అయినా ముందుకెళ్తాను అనే లింక్ కింద చిన్నగా ఉంటుంది, దాని జోలికి పోకండి. కొన్ని సైట్లకి ఆ లింక్ కూడా ఉండదు, హెచ్‌ఎస్‌టీఎస్ అనే ఏర్పాటుతో ఆ సైట్లే వద్దని చెప్పి ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కొత్త రూట్ సర్టిఫికెట్ వేసుకోమని ఎవరైనా అడిగినప్పుడు. పైన చెప్పిందంతా ఆ జాబితా మీదే నిలబడి ఉంది, అందులోకి ఒక దొంగని మనమే చేర్చుకుంటే వాడు ఏ సైట్ పేరు మీదైనా సర్టిఫికెట్ పుట్టించుకుని మన కనెక్షన్ మొత్తం చదువుకోవచ్చు, బ్రౌజర్ ఒక్క మాట కూడా అనదు. ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌లు కూడా అక్కడ కాపాడవు, ఎందుకంటే మనం సొంతంగా చేర్చుకున్న రూట్‌లకి బ్రౌజర్లు ఆ రుజువు అడగవు. 2015లో కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ఇలాంటి రూట్‌ని ముందే పెట్టేసి వచ్చిందని బయటపడింది. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకే ప్రైవేట్ కీ, దాన్ని బయటికి లాగడం పరిశోధకులకి గంటల పనే అయింది. 2019లో కజకిస్తాన్‌లో ప్రభుత్వమే జనాన్ని ఒక రూట్ వేసుకోమంది, గూగుల్, మొజిల్లా, యాపిల్ ముగ్గురూ తమ బ్రౌజర్లలో దాన్ని అడ్డుకున్నారు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో కంపెనీ రూట్ ఉండటం మామూలే, దానిలో సొంత బ్యాంకు పనులు పెట్టుకోకపోతే మంచిది. కానీ సొంత ఫోన్‌లో ఏదో యాప్ వాళ్లో, ఫోన్ చేసి సపోర్ట్ వాళ్లమని చెప్పుకునేవాళ్లో వేసుకోమంటే ఒప్పుకోకండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే చోట సర్టిఫికెట్ అని కొట్టండి, ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్ అని వస్తుంది, అందులో యూజర్ అనే ట్యాబ్ చూడండి. మీరు గానీ మీ ఆఫీసు గానీ వేసింది ఏదీ లేకపోతే అది ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేకపోతే, అక్కడున్న పేరు ఎక్కడిదో గుర్తు రాకపోతే, ముందు దాన్ని తీసేసి, ఆ తర్వాత వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చుకోండి.